మార్కో పోలోను ఏ కుప్పల ఎయ్యాలె టీచర్?

నామవాచకం అంటే ఏందిరా అని అడిగితె చాలు, మా మూడో తరగతి పిలగాండ్లు అందరు ఒక్క గొంతుతోని "పేరును తెలిపే పదాన్ని నామవాచకం అంటారు" అని ఊరంత ఇనబడేటట్టు అరిచేటోళ్లు. సరే, వచ్చింది గదా అని నల్లబల్ల మీద "సీత పూలు కోసింది" అని రాసి ఇండ్ల నామవాచకం ఏదో గీత గియ్యండి అంటె సగం మంది "కోసింది" కింద గీసేది. ఎందుకు గీసినవ్ రా అంటె "గదే చివర్ల ఉంది టీచర్" అని చెప్పిండు ఒకడు, ఇగ దానికి ఏమని జవాబు చెప్తం.

ఇది 2000ల మొదట్ల ముచ్చట. టీటీసీ అయిపోయింది, డీఎస్సీ ఎప్పుడు పడ్తదో తెల్వదు, ఇంట్ల ఖాళీగ కూసునుడు ఎందుకని నకిరేకల్ దిక్కు ఒక చిన్న ఊర్లె ప్రైమరీ స్కూల్ల విద్యా వాలంటీర్‌గ చేరిన. రెండు రూములు, ముంగట వరండా, ఐదు క్లాసులకు హెడ్ సారు, నేను. సారు నాలుగు ఐదు పట్టుకుంటె కింది మూడు క్లాసులు నాయి. ఒకటో తరగతి పోరలకు పలక మీద అక్షరాలు దిద్దవెట్టి, రెండోతోళ్లకు ఎక్కాలు ఒప్పజెప్పమని కూసోవెట్టి, మూడోతోళ్లకు పాఠం చెప్పాలె, ఈలోపు ఒకటో తరగతోడు బలపం తింటుంటడు. మధ్యాహ్నం బువ్వ తిన్నంక ఇంకా కష్టం. కరెంటు ఉండది, ఉక్కపోత, పిల్లలు కూసున్న కాడనే తూగుతుండె. ఆ టైంల వ్యాకరణం అంటె ఇగ చెప్పేదే లేదు.

తూగే పిల్లలను లేపాలంటె కథ ఒక్కటే మందు. కాకుల కథ, నక్కల కథ అన్ని అయిపోయినయి, ఇగ ఏం చెప్పాలె అని ఆలోచిస్తుంటె యాదికొచ్చింది చందుపట్ల. మా బడికి ఎంతో దూరం కాదు, నకిరేకల్ మండలమే, మా పిల్లలల్ల కొందరికి మేనమామల ఊరు. ఆడ ఉన్న శాసనంల కాకతీయ రుద్రమదేవి శివలోకం పోయిందని రాసి ఉంది, తేదీ లెక్క కడితె 1289 నవంబర్ 27. దాన్ని పరబ్రహ్మశాస్త్రి గారు చదివి 1970లల్ల అచ్చేసినంకనే ఆమె ఎప్పుడు చనిపోయిందో లోకానికి తెలిసింది, అంతకుముందు పుస్తకాలల్ల ఆమె ఇంకొన్నేండ్లు ఏలిందనే రాసుకున్నరు. ఓరుగల్లు రాణి ముచ్చట తేల్చింది మా నల్లగొండ బండ! ఇది టీటీసీల మాకెవ్వరు చెప్పలే, నేను ఒక పాత పత్రికల చదివి తెలుసుకున్న, చదివినప్పుడు మస్తు గర్వమనిపించింది నిజం చెప్పాలంటె.

ఈ రుద్రమ కథతోనే నామవాచకాల ఆట ఒకటి పెట్టిన. ఆట ఏందంటె, బడి ఎన్క చింతచెట్టు కింద గింజలకు కొదువ లేదు గదా, ఒక్కొక్కలు దోసెడు ఏరుకొచ్చుకోవాలె. వరండాల సుద్దముక్కతోని మూడు పెద్ద గుండ్రాలు గీసిన, ఒకటి మనుషులకు, ఒకటి ఊర్లకు, ఒకటి వస్తువులకు. నేను కథ చెప్తుంటె పేరు ఇనబడంగనే వంతు వచ్చినోళ్లు లేసి గింజ ఏ గుండ్రంల పడాలో ఆడ ఎయ్యాలె, తప్పేస్తె మిగిలినోళ్లు "ఔట్" అనాలె. జంతువులను, చెట్లను వస్తువులల్ల ఎయ్యమన్న, ఇంకో గుండ్రం గీస్తె వరండా సరిపోదని.

"ఓరుగల్లుల గణపతిదేవుడు అని ఒక రాజు ఉండె" అని మొదలువెట్టిన. రెండు గింజలు పడ్డయి, తర్వాత ఎవడో లేసి "రాజు కూడ పేరే గదా టీచర్" అని మూడోది ఏసిండు. నేను ఇంక చెప్పకముందే అది తెల్సుకున్నడు సూడుండ్రి! గణపతిదేవుడు ఒకని పేరు, రాజు అనేది ఎంతోమందికి చెల్లే పేరు, రెండూ పేర్లే. వాచకంల ఇదే సంగతి ఉంది గని అది చదివినప్పుడు ఒక్కడు కూడ తల ఎత్తలే.

గణపతిదేవునికి కొడుకులు లేరు, బిడ్డలే, ఒకామె రుద్రమ, ఒకామె గణపాంబ. రుద్రమను కొడుకు లెక్కనే పెంచి, రుద్రదేవుడని పేరు పెట్టి, మగ వేషంల కొలువుకు తెచ్చి, తన తర్వాత గద్దె మీద కూసోవెట్టిండు, 1262ల సంగతి. ఈడనే మొదటి పంచాయితి. రుద్రమ అన్నప్పుడు గింజ పడ్డది, రుద్రదేవుడు అన్నప్పుడు ఇంకో గింజ పడ్డది, ఒక పిల్ల లేసి "ఇద్దరు ఒక్కలే గదా, గింజ వాపస్ తియ్యి" అని కొట్లాట. పేరు రెండు, మనిషి ఒకటి, మరి మనం లెక్కపెట్టేది పేర్లనా, మనుషులనా? నేను చెప్పకుండ ఊకున్న, వాళ్లే తన్నుకొని తన్నుకొని, ఆట పేర్లది కాబట్టి రెండు గింజలు ఉండాలె అని తేల్చిండ్రు. ఆ పిల్ల మాత్రం ఒప్పుకోలే, మొఖం మాడ్చుకోని కూసున్నది.

తర్వాత కథ ఎట్ల చెప్పాలె అనేది నాకే ఇబ్బందయ్యింది. "రుద్రదేవ మహారాజు గుర్రమెక్కి వచ్చిండు" అనాల్నా, "రుద్రమదేవి గుర్రమెక్కి వచ్చింది" అనాల్నా? కొలువుల ఉన్నోళ్లు చూసింది మహారాజును, మనకు తెల్సింది రాణి. ఒకసారి అట్ల, ఒకసారి ఇట్ల చెప్పిన. గంతల్నే ఇంకో ఆడపిల్ల, మాటకారి, అడిగింది గదా, "గుర్రం వచ్చింది అంటం, రాణి వచ్చింది అంటం, రెండిటికి ఒక్కటేనా టీచర్, రాజుకు మాత్రం వచ్చిండు అని సెపరేటా?" నిజంగ మన తెలుగుల ఉన్నది గంతే, ఒక్క ఆడమనిషికి క్రియ చెప్పాలంటె జంతువులతోని, వస్తువులతోని కలిపే చెప్తం. ఎక్కువమంది ఉంటె మాత్రం గుర్రాలు వచ్చినయి, రాణులు వచ్చిండ్రు అని మల్ల మనుషుల దిక్కు వస్తరు. ఇది ఎందుకట్ల అంటె నేను పిల్లలకు ఏం చెప్తా, నల్లబల్ల మీద నాలుగు వాక్యాలు రాసి చూపెట్టిన. ఆ పిల్ల ఆలోచించి "అయితె రుద్రమదేవి వచ్చిండ్రు అందాం టీచర్, రాణి గదా" అన్నది. ఆ రోజు నుంచి మా బళ్లె రుద్రమదేవి వచ్చిండ్రు, పోయిండ్రు, యుద్ధం చేసిండ్రు. ఇప్పటికి కూడ నాకు గట్లనే వస్తది.

నిడదవోలు చాళుక్యుల ఇంటి వీరభద్రునితోని లగ్గం, దేవగిరి యాదవ రాజు మహాదేవుడు దండెత్తి వచ్చుడు, కొట్లాట, వాణ్ణి తరిమికొట్టుడు, ఇవన్ని చెప్పంగ చెప్పంగ ఊర్ల గుండ్రంల గింజలు కుప్ప పడ్డయి. ఓరుగల్లు, నిడదవోలు, దేవగిరి, మోటుపల్లి. మోటుపల్లి అంటె సముద్రం ఒడ్డున రేవు, విదేశాల ఓడలు వచ్చే జాగ, ఎక్కడో వెనిస్ నుంచి వచ్చిన మార్కో పోలో ఆ రాజ్యం గురించి రాసుకుంట దేశాన్ని రాణి మంచిగ ఏలుతుందని మెచ్చుకున్నడు (ఆమె రాజు భార్య అనుకున్నడు పాపం, బిడ్డ అని తెల్వలే ఆయనకు). ఇంత పెద్ద సంగతి చెప్తున్ననా, మా పిల్లలు కిందామీద పడి నవ్వుడు. ఏమైందిరా అంటె, "పోలో అంటె నడుమ బొక్క ఉన్న చాక్లెట్ గదా టీచర్!" ఒకడు పొయ్యి గింజను వస్తువుల గుండ్రంల ఏసిండు, ఇంకోడు తీసి మనుషులల్ల ఏసిండు, మల్ల వాడు తీసిండు, ఆఖరికి మార్కో అనేది మనుషుల దిక్కు, పోలో అనేది వస్తువుల దిక్కు అని గింజను గీత మీద నిలవెట్టే ప్రయత్నం చేసిండ్రు. అది నిలవడ్తదా.

నవ్వుకుంటం గని, ఆ గీత మీది గింజలతోనే వాళ్లకు సంగతి ఎక్కింది అని నా నమ్మకం. పుస్తకంల ఉదాహరణలు ఎట్లుంటయి? రాముడు, బల్ల, హైదరాబాద్. ఏది ఎందుల పడ్తదో అందరికి తెల్సు, ఆలోచించే పనే లేదు. మా దగ్గర చూడుండ్రి, క్లాసుల శ్రీశైలం అని పేరున్న పిలగాడు ఉండె, యాదగిరి అని ఇంకోడు ఉండె. నల్లగొండ, పాలమూరు దిక్కు ఈ పేర్లు ఇంటింటికి ఉంటయి, మొక్కుకుంటె పుట్టిండని దేవుని ఊరి పేరే పెట్టుకుంటరు. "శ్రీశైలం శ్రీశైలం పోయిండు" అని బోర్డు మీద రాసిన. ఒక్క అక్షరం తేడా లేదు, ఒకటి ఈ గుండ్రం, ఒకటి ఆ గుండ్రం. శ్రీశైలం అనేటోడు రెండు గింజలు పట్టుకోని నడుమ నిలవడి ఒకటి అటు ఒకటి ఇటు ఇసిరిండు, వాని మొఖంల ఎంత సంబురమో, తన పేరు మీద పాఠం అయితుంటె ఎవరికి ఉండది.

కథ చందుపట్ల దాక రావాలె గదా. కాయస్థ నాయకుడు అంబదేవుడు, ముందట కాకతీయులకు సామంతుడే, ఎదురు తిరిగిండు. రుద్రమకు అప్పటికి వయసు మీద పడ్డది. సేనాపతి మల్లికార్జున నాయకుడు వెంట ఉన్నడు. శాసనంల ఇద్దరు శివలోకానికి పోయిండ్రని ఉంది గని ఎట్ల పోయిండ్రో రాయలేదు, ఇద్దరు ఒకేసారి పోయిండ్రు కాబట్టి అంబదేవునితోని యుద్ధంలనే అయ్యుంటది అని చరిత్ర రాసెటోళ్లు చెప్తరు. నేను కూడ పిల్లలకు గట్లనే, "అయ్యుంటది" అనే చెప్పిన. వాళ్లకు పుణ్యం రావాలె అని చందుపట్ల సోమనాథ దేవునికి భూమి ఇచ్చి బండ మీద రాయించినోడు పువ్వుల ముమ్మడి.

పువ్వుల ముమ్మడి అనంగనే ఇగ ఆట ఆగింది. పువ్వులు వస్తువుల గుండ్రంల ఉంటయి, మనిషి పేర్ల ఎట్ల వచ్చినయి? ముమ్మడి అంటె మగాయననా, ఇందాక రుద్రమ బిడ్డ ముమ్మడమ్మ అని చెప్పిండ్రు గదా, ఆమెనా? సోమనాథ దేవుడు మనిషా, గుడిల రాయి కాబట్టి వస్తువా? ఈ చివరిది చాన సేపు నడిచింది, ఒకడు "దేవుడు మనిషి కాదు, వస్తువు కాదు" అన్నడు, ఇంకోడు "మా నాయిన కొబ్బరికాయ కొట్టి దేవునితోని మాట్లాడ్తడు, బల్లతోని మాట్లాడ్తడా, దేవుడు మనిషే" అన్నడు. మనుషుల గుండ్రంలకే పోయింది గింజ. నాకు ఆ వాదనల తప్పు ఏం కనబడలే.

కోపం, ధైర్యం, చావు, ఇవి వేరే తంటా. పేర్లే, గని ఏ గుండ్రంల పట్టవు. "అంబదేవునికి కోపం వచ్చింది" అంటె కోపం వచ్చింది కాబట్టి అది కూడ నడిచి వచ్చే వస్తువే అన్నడు ఒకడు. నాలుగో గుండ్రం గీయక తప్పలే, దానికి పిల్లలే "కనబడనియి" అని పేరు పెట్టిండ్రు. జ్వరం దాంట్లనే, ఆకలి దాంట్లనే, కరెంటు కూడ దాంట్లనే అన్నరు. మా ఊర్ల కరెంటు నిజంగనే కనబడకపోయేది లెండి.

ఇంకో చిక్కు ప్రశ్న, కాకతీయ అనేది ఏ గుండ్రం? కాకతి అనే దేవతను కొల్చెటోళ్లు కాబట్టి కాకతీయులు అని కొందరు పెద్దలు రాసిండ్రు, కాకతి అనే ఊరి పేరు మీద వచ్చిందని ఇంకొందరు రాసిండ్రు. పెద్ద పెద్ద పండితులకే తేలని దాన్ని మా మూడో తరగతోళ్లు చప్పట్లు కొట్టి ఓట్లేసి ఊరు అని తేల్చిండ్రు.

హెడ్ సారుకు ముందట నచ్చలే. "ఏందమ్మా ఇది, తెలుగా, సోషలా, గోలీలాటనా?" అని అడిగిండు. పోర్షన్ గాదు అని ఆయన భయం, అది కూడ సహజమే, మీటింగుల ఆయన్నే గదా అడిగేది. ఒకనాడు పైనుంచి తనిఖీకి వచ్చినాయన మూడో తరగతిల నిలవడి నామవాచకాలు చెప్పమన్నడు, పిల్లలు గణపతిదేవుడు, మోటుపల్లి, అంబదేవుడు, నిడదవోలు అని మొదలు పెట్టేసరికి ఆయన బిత్తరపోయిండు, పుస్తకం తిరగేసి తిరగేసి ఇవి ఏ పాఠంల ఉన్నయి అని సారును అడుగుడు. సారు జర కూడ తొట్రుపడకుండ "లోకల్ పాఠం సార్" అన్నడు. ఆ రోజు నుంచి ఆయనే చింతగింజలు ఏరిపించేటోడు.

చందుపట్లకు తీస్కపోయినం కూడ, ట్రాక్టర్ల. ఇండ్లల్ల నుంచి అటుకులు, మురుకులు, సద్దిబువ్వ మూటలు. ఆ బండ మీది అక్షరాలు పాత తెలుగు లిపి, పిల్లలకు కాదు నాకే రావు. అయినా ఒక్కొక్కలు మొఖాలు ఆనిచ్చి "ఇగో ఇది ర లెక్క ఉంది, ఇది మ" అని ఏళ్లు పెట్టి ఎతుకుడు, రుద్రమ పేరు ఏడుందో ముందు నేనే చూసిన అంటె నేనే చూసిన అని లొల్లి. ఊరి పెద్దమనిషి ఒకాయన వచ్చి ఏమ్మా ఏం చేస్తుండ్రు అంటె "నామవాచకాలు చూస్తున్నం తాతా" అన్నరు. ఆయన నా దిక్కు చూసిండు, నేను నవ్విన.

పానగల్లు కూడ పోయినం ఒకసారి, నల్లగొండ పక్కనే గదా. ఛాయా సోమేశ్వరం గుడిల లింగం ఎన్క గోడ మీద పొద్దున నుంచి సాయంత్రం దాక స్తంభం నీడ కదలకుండ నిలవడ్తది, కుందూరు చోళుల కాలం నాటి గుడి. అందరు అది ఏ స్తంభం నీడ అని తండ్లాడ్తుంటె మా శ్రీశైలం "నీడ కనబడ్తది గని పట్టుకోరాదు, ఏ గుండ్రం టీచర్" అని అడిగిండు. గుడిల ఉన్న వేరే ఊరోళ్లు పిల్లగాడు ఏం గుండ్రం అంటున్నడు అని అటు ఇటు చూసిండ్రు.

తర్వాత నా లగ్గమయ్యింది, పాలమూరు దిక్కు వచ్చిన, డీఎస్సీ కూడ తగిలింది. ఈడి పిల్లలకు రుద్రమ కథ చెప్తె ఇన్నరు గని నకిరేకల్ దిక్కు పిల్లలంత ఎగబడలే, మా ఊరేది ఇండ్ల అన్నట్టు చూసేటోళ్లు. అది కూడ న్యాయమే. అందుకని గోన గన్నారెడ్డిని పట్టుకున్న, వర్ధమానపురం ఆయన, ఇప్పటి నంది వడ్డెమాన్. కాకతీయుల దిక్కు నిలవడి రాయచూరు దాక పోయిండు, ఆయన సేనాపతి విఠలుడు 1294ల ఆడ రాతి కోట కట్టించిండు. ఆ కోట గోడల ఒకటే బండ ఉంటది, 40 అడుగులకు పైన పొడుగు, దాని మీదనే శాసనం, అంత బండను పశువులు కట్టిన బండి మీద ఎట్ల గుంజుకొచ్చిండ్రో పక్క గోడ మీద బొమ్మ చెక్కి పెట్టిండ్రు. పాలమూరు పిల్లలకు రాయి కొట్టుడు, మట్టి మోసుడు ఇంట్ల ముచ్చట, అమ్మానాయినలు పని మీద ఎక్కడెక్కడికో వలస పొయ్యి వస్తుంటరు, తాతలు నానమ్మల దగ్గర ఉండి చదువుకునే పిల్లలు సగం. బండ అనంగనే లేసి కూసున్నరు. ఎంతమంది గుంజి ఉంటరు, బండి ఇరుసు ఇరగలేదా, కూలి ఎంత ఇచ్చిండ్రు, ఒకటే ప్రశ్నలు. కూలోళ్ల పేర్లు శాసనంల ఉన్నయా అని ఒక పిల్ల అడిగింది. నేను చదివిన దాంట్లనైతె రాజు పేరు, గన్నారెడ్డి పేరు, విఠలుని పేరే కనబడ్డయి అన్న. "మరి మా నాయిన కట్టిన బిల్డింగు మీద కూడ మా నాయిన పేరు లేదు టీచర్, ఓనర్ పేరే ఉంది" అన్నది, మామూలుగనే అన్నది, బాధతోని ఏం గాదు.

అయితె ఆ క్లాసోళ్లు ఊకోలే. కూలోళ్లకు మనమే పేర్లు పెడ్దాం అన్నరు, సరే పెట్టుండ్రి అన్న. బాలయ్య, చెన్నమ్మ, కుర్మయ్య, మన్యంకొండ మొక్కున పుట్టినాయన ఒకాయన, ఆయనకు ఎంకటేశు, ఇట్ల వరండా అంత గింజలే. మనుషులైపోయినంక పశువులకు పెట్టిండ్రు. ఆఖరికి ఒకడు "అంత పెద్ద బండకు పేరు లేకుంటె ఎట్ల" అని లేసిండు, గంట కొట్టేదాక కొట్లాడి కొట్లాడి కొత్త బడి హెడ్ సారు పేరు పెట్టిండ్రు. సారు జర లావుగ ఉంటుండె. నేనైతె సారుకు చెప్పలే.